ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళు

చిత్రకారుడు కుంచెతో ఒక ముఖమును చిత్రింపవలెనన్న కొన్ని దినములు పట్టును. శిల్పి రాతిలో ఒక విగ్రహమును మలచవలెనన్న కొన్ని మాసములు పట్టును. ఛాయాచిత్రమును తీయుటకు నేడు రెప్పపాటు కాలము చాలును. పల్లెటూరి బాలుని చేతిలోని సెల్‌ఫోను సైతము నిమిషమునకు పది చిత్రములను తీయగలదు. పని ఇంత సులభమైనందున ఇందు నేర్వవలసినది ఏమున్నదని పలువురు తలంతురు. ఆ తలంపు సరియైనది కాదు. మీట నొక్కుట వేరు, చూచుట వేరు. మీట నొక్కుట ఒక్క దినములో వచ్చును. చూచుట జీవితమంతయు నేర్చినను ఇంకను మిగిలియే యుండును.

ఈ సత్యమును తన జీవితముచేత నిరూపించిన మహనీయుడు రాజా దీనదయాళు. ఆయన తెలుగుదేశమున పుట్టినవాడు కాడు. అయినను ఆయన జీవితములోని ఫలవంతమైన ఇరువది సంవత్సరములు హైదరాబాదు, సికింద్రాబాదు నగరములతో పెనవేసికొని యున్నవి. నూరేండ్లకు పూర్వపు హైదరాబాదు ఎట్లుండెడిదో నేడు మనము కన్నులార చూడగలుగుచున్నామన్న, అందుకు ఒక ముఖ్యకారణము ఆయన కెమెరా. ఆయన కోటలను చిత్రించెను; రాజులను చిత్రించెను; అంతఃపురముల వాకిట నిలిచి అచటి స్త్రీలకొరకు వేరొక మార్గమును కల్పించెను; వేటలను, సైనిక విన్యాసములను, కరవు బాధితులను చిత్రించెను. ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క విధమైన నేర్పు కావలెను. కట్టడములను చక్కగా తీయువాడు మనుష్యులను చక్కగా తీయగలడన్న నియమము లేదు. ఆయన మాత్రము ఒక విద్యలో ఆరితేరి ఊరకుండక, ప్రతి కొత్త విషయముకడను మరల విద్యార్థి యయ్యెను.

దీనదయాళు 1844వ సంవత్సరమున ఉత్తరదేశమునందు, మీరట్ నగరమునకు చేరువనున్న సర్ధనా అను పట్టణములో ఒక జైన కుటుంబమున జన్మించెను. వారిది నగల వర్తకము. ఆయన పుట్టుటకు అయిదేండ్లకు ముందు, అనగా 1839లో, ఛాయాచిత్రములు తీయు విధానము పారిస్ నగరమున లోకమునకు వెల్లడింపబడినది. కాగా ఆ విద్యయు, ఈ బాలుడును ఇంచుమించు ఒకే యీడువారు. ఇద్దరును కలిసి పెరిగిరి.

బాల్యమున ఆయనకు కెమెరాతో పరిచయము లేదు. ఆయన రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. గంగానది కాలువ త్రవ్వకమునకు వలసిన ఇంజనీర్లను, సహాయకులను తయారుచేయుటకు ఆ కళాశాల వెలసినది. అచట ఆయన కొలతలు వేయుట, పటములు గీయుట, నిర్మాణముల ఖర్చు అంచనా కట్టుట నేర్చెను. 1866లో ఇరువదిరెండేండ్ల వయసున ఇందూరు నగరమునందలి మరామత్తు శాఖలో పటములు గీయు ఉద్యోగిగా ప్రవేశించెను.

ఆ ఉద్యోగము సామాన్యమైనదే. కాని అది వ్యర్థము కాలేదు. దినమెల్ల గోడల నిలువును, కమానుల వంపును, స్తంభముల నడిమి దూరమును గీతలలో చూచుచుండిన కన్నులకు ఒక క్రమశిక్షణ అలవడును. ఏది నిటారుగా నున్నది, ఏది ఒరిగినది, ఏ భాగము పెద్దది, ఏది చిన్నది అను విషయము తడవుకొనక తెలియవచ్చును. తరువాతి కాలమున ఆయన తీసిన కట్టడముల చిత్రములలో గోడలు నిలువుగా నిలుచుటకును, పంక్తులు తీరుగా నుండుటకును ఈ పూర్వాభ్యాసము తోడ్పడినదని ఊహింపవచ్చును.

1874 ప్రాంతమున, ఇంచుమించు ముప్పదియేండ్ల వయసులో, ఆయన ఛాయాచిత్రకళను అభ్యసింప నారంభించెను. అప్పటికి అది జీవనోపాధి కాదు; తీరిక వేళల సాధన మాత్రమే.

ఆ దినములలో ఒక చిత్రమును తీయుట ఎంత కష్టమో తెలిసికొన్నగాని ఆయన పట్టుదల మనకు బోధపడదు. నాడు ఫిలిము లేదు. గాజుపలక మీద చిత్రము తీయవలెను. మొదట ఆ గాజును మచ్చలేకుండ తుడువవలెను. దానిపై కొలోడియన్ అను జిగురు ద్రవమును పోసి, పలకను మెల్లగా నలువైపుల వంచుచు ఆ ద్రవము సమముగా పరచుకొనునట్లు చేయవలెను. పిదప చీకటిలో దానిని వెండి లవణము కలిపిన నీటిలో ముంచవలెను. వెలుతురు సోకిన నల్లబారు గుణము దానికి అప్పుడు వచ్చును. ఆ తడి పలకను వెలుతురు చొరని చట్రములో బిగించి, కెమెరాలో నుంచి, మూత తీసి, లెక్కపెట్టి మరల మూయవలెను. అంతటితో పని ముగియదు. పలక తడి యారకముందే చీకటి గుడారమునకు పరుగెత్తి, మందునీళ్ళు పోసి చిత్రమును పైకి తేవలెను. ఆరిపోయినచో శ్రమయంతయు వృథా. ఈ పని యంతయు పది పదునైదు నిమిషములలో జరుగవలెను. మన దేశపు వేసవిలో ఆ పాటి వ్యవధియు దొరకదు.

అందువలన ఛాయాచిత్రకారుడు ఎచటికి పోయినను గాజుపలకల పెట్టెలు, మందు సీసాలు, చీకటి గుడారము, నీటి పాత్రలు బండ్లమీద వెంట తీసికొని పోవలసియుండెను. చిన్న చిత్రమును తీసి పెద్దది చేసికొను సౌకర్యము నాడు అరుదు. ఎంత పెద్ద చిత్రము కావలెనో అంత పెద్ద గాజుపలక యుండవలెను. అందుకు తగినంత పెద్ద కెమెరా యుండవలెను. కెమెరా వెనుక నల్లగుడ్డ కప్పుకొని చూచినచో ఎదుటి దృశ్యము గరుకు గాజుపై తలక్రిందులుగా కనబడును. వెండి లవణము తగిలి చేతివ్రేళ్ళు నల్లబడును. దుమ్ము కణము ఒకటి పలకపై వ్రాలినను ముఖమున మచ్చగా పడును.

ఇంకొక చిక్కు కూడ కలదు. నాటి పలకలకు నీలివర్ణము వెంటనే తగులును. ఎరుపు, పసుపు వర్ణములు తగులవు. అందుచేత నీలాకాశము తెల్లని కాగితమువలె వచ్చును. ఎర్రని పట్టువస్త్రము నల్లగా వచ్చును. కన్ను చూచునది ఒకటి, పలక చూచునది వేరొకటి. కావున ఛాయాచిత్రకారుడు తన కంటితో చూచుచునే పలక కంటితో కూడ చూడ నేర్వవలెను. ఒక్కొక్క పలకకు ఇంత ఖర్చును శ్రమయు నున్నప్పుడు, పది తీసి అందొకటి ఏరుకొందమను మాట లేదు. మూత తీయుటకు ముందే చిత్రము మనసులో పూర్తి కావలెను. ఈ నిర్బంధమే నాటివారికి గొప్ప గురువైనది.

దీనదయాళు సాధనను ఇందూరు ప్రభువైన రెండవ తుకోజీరావు హోల్కరు మెచ్చెను. మధ్యభారతమున గవర్నరు జనరలు ప్రతినిధిగా నున్న సర్ హెన్రీ డేలీ కూడ ఆయనను ప్రోత్సహించెను. 1875-76లో వేల్సు యువరాజు భారతదేశమును దర్శించినపుడు చిత్రములను తీయు అవకాశము ఆయనకు లభించెను. ఇట్లు నాలుగు గోడల నడుమ పటములు గీయుచుండిన ఉద్యోగి మెల్లమెల్లగా దేశమంతట పేరు పొందజొచ్చెను.

తరువాత డేలీ స్థానమునకు వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్, 1882-83లో బుందేల్‌ఖండ్ ప్రాంతమున పర్యటించుచు దీనదయాళును వెంట తీసికొనిపోయెను. గ్వాలియరు కోట, ఖజురహో దేవాలయములు, ఓర్ఛా, దతియా రాజభవనములు మున్నగువానిని ఆయన చిత్రించెను. వానిలో ఎనుబదికి పైగా చిత్రములు 1886లో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడములను గూర్చిన ఒక గ్రంథముగా వెలువడినవి. సాంచీ స్తూపమును కూడ ఆయన చిత్రించెను.

కట్టడము కదలదు, కావున దానిని చిత్రించుట తేలికయని మనకు తోచును. కదలనిది కట్టడము మాత్రమే. దానిపై పడు వెలుగు క్షణక్షణమును కదలుచుండును. మిట్టమధ్యాహ్నపు ఎండలో శిల్పములన్నియు చదునుగా కనబడును. ఉదయమునగాని సాయంకాలమునగాని ఎండ ప్రక్కనుండి ఏటవాలుగా పడినపుడు ప్రతి చెక్కడమునకును ఒకవైపు వెలుగు, వేరొకవైపు నీడ ఏర్పడి రాయి ప్రాణము పోసికొనును. తూర్పుముఖపు ద్వారమునకు ఉదయము, పడమటి గోడకు సాయంకాలము అనుకూలమైనవి. ఎత్తైన గోపురమును చూచి కెమెరాను పైకి ఎత్తినచో గోడలు వెనుకకు పడిపోవుచున్నట్లు చిత్రములో వచ్చును. కెమెరాను సమతలముగా నుంచి, తగిన దూరమునను తగిన ఎత్తునను నిలుచు చోటును వెదకికొనవలెను. కట్టడమెంత పెద్దదో తెలియుటకై ఒక మనిషిని దాని కడ నిలుపుట నాటి ఛాయాచిత్రకారులలో వాడుక. దీనదయాళు తీసిన కోటల చిత్రములను నేడు పరిశీలించినవారికి ఈ మెలకువలన్నియు వానిలో గోచరించును. వానిలో కొన్ని కట్టడములు పిమ్మట మార్పు చెందినవి. వాని పూర్వరూపమును ఎరుగుటకు పండితులు నేడును ఆ చిత్రములను ఆశ్రయించుచున్నారు.

ఇంతలో ఆయన జీవితమున ఒక కఠినమైన నిర్ణయము చేయవలసిన సమయము వచ్చెను. ఒకవైపు నెలనెలకు జీతమిచ్చు సర్కారు కొలువు, కుటుంబ భారము. వేరొకవైపు నేడు ఆదరము, రేపు అనాదరము కలుగదగిన కొత్త కళ. వయసు నలుబది దాటుచున్నది. ఆ వయసున కుదురైన కొలువును విడుచుటకు లోకము సాధారణముగా సాహసింపదు. ఆయన మొదట దీర్ఘకాలపు సెలవు పొంది దేశములోని దేవాలయములను, రాజభవనములను చిత్రించెను. పిదప ఉద్యోగమును పూర్తిగా విడిచి ఛాయాచిత్రకళకే జీవితమును అంకితము చేసెను. ఇది తొందరపాటున చేసిన పని కాదని గమనింపవలెను. పదియేండ్లకు పైగా తీరిక వేళల సాధన చేసి, తన శక్తిని తాను పరీక్షించుకొనిన పిమ్మటనే ఆయన ఆ త్యాగము చేసెను. 1885లో రాజప్రతినిధి డఫ్రిన్ ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను.

ఆ కాలముననే ఆయన హైదరాబాదునకు వచ్చెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను 1866లో జన్మించినవాడు. 1884లో రాజ్యాధికారమును స్వయముగా చేపట్టెను. ఆ యువప్రభువునకు వేటయందును, వేడుకలయందును, కొత్త వింతలయందును మిక్కిలి ఆసక్తి కలదు. ఆయన దీనదయాళును తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించెను. 1886లో సికింద్రాబాదున దీనదయాళు చిత్రశాల వెలసినది. చార్మినారు, గోలకొండ, ఫలక్‌నుమా, చౌమహల్లా భవనములే కాక, నాడు నిజాము రాజ్యములో చేరియున్న అజంతా, ఎల్లోరా గుహలు, దౌలతాబాదు కోట కూడ ఆయన కెమెరాకు విషయములైనవి.

చిత్రశాలలో మనుష్యులను చిత్రించుట మరల వేరొక విద్య. రాయి కూర్చుండుమన్న కూర్చుండును. మనిషి అట్లు కాదు. నాడు మూత తీసి మూయువరకు కొన్ని క్షణములు కదలక యుండవలెను. తల కదలకుండుటకు వెనుకనుండి ఇనుప ఊతను అమర్చుట వాడుక. ఆ ఊతయొక్క చల్లదనము మెడకు తగులగనే ముఖము బిగుసుకొనిపోవును. ముఖము బిగుసుకొన్నచో నగలు, తలపాగా మాత్రము చిత్రములో నిలుచును, మనిషి నిలువడు. కావున ఛాయాచిత్రకారునకు యంత్రజ్ఞానముతోపాటు లోకజ్ఞానము కూడ కావలెను. ఎవరిని ఎట్లు పలుకరింపవలెనో, ఎవరిని ఎచట కూర్చుండబెట్టవలెనో, ఎంతసేపు ఊరకుండవలెనో తెలియవలెను. నేరుగా పడు ఎండ కన్నులక్రింద నల్లని నీడలు వేయును. అందుచేత నాటి చిత్రశాలలకు గాజు పైకప్పు నుంచి, తెల్లని తెరలను జరుపుచు మెత్తని వెలుగును ముఖముపై పడునట్లు చేసెడివారు. దీనదయాళు చిత్రములలో రాజులు, మంత్రులు, సేనానులు, వర్తకులు, చిన్న పిల్లలు, పరిచారకులు ఎల్లరును కనబడుదురు. పరిచారకుని ముఖమునందును ఒక విధమైన గౌరవము ఉట్టిపడుచుండును.

ఆయన వివేకమునకు గొప్ప నిదర్శనము 1892లో హైదరాబాదున నెలకొల్పిన స్త్రీల చిత్రశాల. గొప్ప కుటుంబముల స్త్రీలు నాడు పరదా పాటించెడివారు. పరపురుషుని ఎదుటికి రారు. ఛాయాచిత్రకారులు పురుషులే యగుటచేత ఆ తల్లులకు, ఆడపడుచులకు తమ రూపమును నిలుపుకొను అవకాశము లేకపోయెను. దీనదయాళు వారి ఆచారమును నిందింపలేదు. దానిని దాటిరమ్మని నిర్బంధింపనులేదు. ఎత్తైన గోడలతో చుట్టబడిన ఒక ప్రత్యేక చిత్రశాలను కట్టించి, శ్రీమతి కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనితను దానికి అధిపతిగా నియమించెను. ఆమెకు సహాయకులుగా పనిచేసినవారును స్త్రీలే. ఇచట దీనదయాళు స్వయముగా కెమెరా ముట్టలేదు. అయినను చిత్రింపబడువారి మనసునకు నొప్పి కలుగకుండ చిత్రము తీయవలెనను ఆయన నియమమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము లేదు. కొన్ని సందర్భములలో కెమెరాను ఇతరుల చేతికిచ్చి తాను తప్పుకొనుట కూడ కళలో భాగమే.

1880 ప్రాంతమునుండి కర్మాగారములలో తయారైన పొడి గాజుపలకలు విరివిగా లభింపజొచ్చెను. తడి పలకల తొందర తప్పెను. వెలుగును త్వరగా గ్రహించు ఆ పలకలచేత కదలువానిని కూడ చిత్రింప వీలయ్యెను. అంతవరకు నేర్చినది చాలునని దీనదయాళు కూర్చుండలేదు. ఈ కొత్త పద్ధతిని కూడ అభ్యసించెను. సైన్యముల విన్యాసములను, ఊరేగింపులను, వేటలను చిత్రించెను. కదలువానిని చిత్రించువాడు ఆ కదలికను ముందుగా ఊహింపవలెను. గుఱ్ఱము ఎచటికి వచ్చునో ఎరిగి అచట కెమెరాను సిద్ధపరచుకొని వేచియుండవలెను.

1902లో రాజప్రతినిధి కర్జను ప్రభువు హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, వరంగల్లు ప్రాంతమునందలి నెక్కొండ అడవులలో వేటాడెను. చంపిన పెద్దపులి ముందు కర్జను దంపతులు నిలిచియున్న చిత్రము దీనదయాళు చిత్రశాల పేర ప్రసిద్ధి కెక్కినది. నాడు ఆ చిత్రమును పరాక్రమమునకు గుర్తుగా చూచిరి. నేడు మనము దానిని చూచి ఆ పులిని గూర్చి విచారించుచున్నాము. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టము వచ్చిన పిమ్మట వేట నేరమైనది. అడవి మృగములను, పక్షులను కాపాడుటకు నేడు కెమెరాయే తోడ్పడుచున్నది. మన బద్వేలు చేరువనున్న లంకమల అడవుల సంగతియే చూడుడు. ఇక లేదని తలపోసిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల కనబడినది. రాత్రిపూట సంచరించు ఆ పక్షి జాడ నెరుగుటకు శాస్త్రజ్ఞులు పిమ్మట ఆ పొదల నడుమ కెమెరాల నమర్చిరి. యంత్రము ఒక్కటే, దానిని పట్టిన చేతి ఉద్దేశమునుబట్టి దాని ఫలము మారును.

కరవు చిత్రములను గూర్చి చెప్పునపుడు ఈ మాట మరింత స్పష్టమగును. 1876-78లో మన కడప, కర్నూలు, బళ్ళారి సీమలను ధాత కరవు పట్టి పీడించినది. మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనులు ఆకలికి బలియైరి. హూపర్ అను ఆంగ్ల సైనికాధికారి ఆ కాలమున ఎముకలగూడులైన మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి చిత్రించెను. ఆ చిత్రములు లోకమునకు కరవు ఘోరమును తెలిపినవి నిజమే. కాని చావునకు దగ్గరగా నున్న దీనులను చిత్రముకొరకు కూర్చుండబెట్టుట దయగల పనియేనా యని పలువురు ప్రశ్నించిరి. నేటికిని ఆ ప్రశ్న ఛాయాచిత్రకారులను విడువలేదు.

1899-1900 ప్రాంతమున దక్కనును మరల కరవు చుట్టుముట్టినపుడు, ఔరంగాబాదు ప్రాంతమున నిజాము ప్రభుత్వము నడపిన సహాయకార్యములను దీనదయాళు చిత్రశాల చిత్రించెను. అందు బీదలకు జరిగిన సాయము కనబడును. అవి ప్రభుత్వము కోరి తీయించిన చిత్రములు. అందుచేత ప్రభుత్వము చేసిన మేలు వానిలో ముందు నిలుచును. అందని సాయము, చేరని ఊరు వానిలో కనబడవు. ఇది దీనదయాళును తక్కువచేయు మాట కాదు. ఎంత గొప్ప చిత్రమైనను దానిని ఎవరు తీయించిరి, ఎందుకు తీయించిరి యని అడిగి తెలిసికొనుట చూచువాని ధర్మము. ఆస్థానమున నున్న కళాకారునకు ఆదరము కలదు. దానితోపాటు హద్దును కలదు.

గౌరవములు ఆయనను వెదకికొని వచ్చెను. 1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనములో ఆయన చిత్రములకు బహుమానము లభించెను. 1894లో నిజాము ఆయనకు రాజా బిరుదమును, ముసవ్విర్ జంగ్ అను బిరుదమును ప్రసాదించెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు; జంగ్ అనగా యుద్ధము. యోధులకు ఇచ్చు బిరుదమును కెమెరా పట్టినవానికి ఇచ్చుట ఆ కళకు దొరకిన గొప్ప మన్నన. నిజాము స్వయముగా ఆయనను మెచ్చుచు ఒక పద్యము చెప్పెనని ప్రసిద్ధి కలదు. 1896లో బొంబాయిలో ఇంకొక చిత్రశాల వెలసెను. 1897లో విక్టోరియా రాణి ఆయనను తన ఛాయాచిత్రకారునిగా గుర్తించి అధికారపత్రము నిచ్చెను.

ఇంత విస్తారమైన పని ఒక్కచేతి మీద జరుగునది కాదు. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ తండ్రికి తోడైరి. పలకలు సిద్ధపరచువారు, చిత్రములు అచ్చుతీయువారు, మెరుగులు దిద్దువారు పలువురు ఆయన కడ పనిచేసిరి. పలకలమీద సంఖ్యను, విషయమును వ్రాసియుంచుట ఆ చిత్రశాలలోని పద్ధతి. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని ఎవరిదో, ఎచటిదో తెలియని చిత్రము పేరులేని ఉత్తరము వంటిది. ఆ సంఖ్యలు, ఆ పేర్లు ఉండుటచేతనే ఇంతకాలమునకు పిమ్మట పరిశోధకులు ఆ చిత్రములను గుర్తుపట్టగలుగుచున్నారు.

1903లో ఢిల్లీ నగరమున జరిగిన దర్బారును ఆయన చిత్రశాల చిత్రించెను. ఆ తరువాత కాలము అనుకూలింపలేదు. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించెను. మరుసటి సంవత్సరము, 1905 జూలై 5వ తేదీన, దీనదయాళు అరువదియొకటవ యేట కన్నుమూసెను. ఆయన పోయిన పిదప గాజుపలకలు మిగిలినవి. గాజు సులభముగా పగులునది. తేమకు, బూజునకు లొంగునది. అయినను వానిలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సేకరించి భద్రపరచినది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగా ఒక తపాలాబిళ్ళను వెలువరించినది.

దీనదయాళు జీవితమును చదివినవారు తమకు రాజాస్థానములు లేవే, గొప్ప కెమెరాలు లేవే యని నిరాశపడ నక్కరలేదు. ఆయన ముప్పదవయేట తీరిక వేళలలో మొదలుపెట్టెను. మన కన్నుల ఎదుట నున్న విషయములు తక్కువవి కావు. పెన్నానది ఒడ్డున సిద్ధవటము కోట కలదు. పోరుమామిళ్ళలో విజయనగర రాజుల కాలపు చెరువును, ఆ చెరువు కట్టిన విధమును తెలుపు 1369వ సంవత్సరపు శిలాశాసనమును కలవు. ఆ శాసనపు అక్షరములు మిట్టమధ్యాహ్నము కనబడుట కష్టము. ఎండ ప్రక్కనుండి పడునపుడు చూచిన ఒక్కొక్కటియు తేటపడును. కోటగోడను ఒకే చోటినుండి ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూడు చిత్రములుగా తీసి పోల్చిచూచిన విద్యార్థికి వెలుగును గూర్చి వేరొక పాఠము చెప్ప నక్కరలేదు. చేనిలో వేరుసెనగ పెరుకు కూలీలను, సంతలోని వర్తకుని, ఇంటి అరుగుమీది అవ్వను చిత్రింపదలచినచో ముందుగా వారి యనుమతిని అడుగవలెను. వారు వలదన్న మానవలెను. సరేయన్న, వారు తమ పనిలో తాము మునిగి మనలను మరచువరకు ఓపికతో నిలువవలెను.

చిత్రమును తీసిన పిమ్మట ఎవరిది, ఏ యూరు, ఏ దినమున తీసినది అను మూడు విషయములను వ్రాసియుంచవలెను. నేడు మనకు సామాన్యముగా తోచు అవ్వ ముఖము, ఎండిన చెరువు, పాత బడి గోడ నూరేండ్ల పిమ్మట పుట్టువారికి చరిత్ర యగును. దీనదయాళు గాజుపలకల మీద పడిన వెలుగు ఏనాడో గతించినది. అది చూపిన ముఖములు మాత్రము నేటికిని మనవైపే చూచుచున్నవి.